శిల్ప కొలిచిన మిరపరాశి

మా తోటికోడలు శిల్ప లెక్కల టీచరు. కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు, మా అత్త గురవమ్మ నోట్లో శిల్ప తప్ప ఇంకో పేరే లేదు. శిల్ప పెట్టిన చారు, శిల్ప మడతేసిన దుప్పటి... ఒళ్ళు మండిపోతుంది నాకు! పదో తరగతి లెక్కల్లో మా పర్చూరు స్కూలుకే ఫస్టొచ్చాను నేను. ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరిక్కావాలి?

మొన్న కల్లంలో పాత టార్పాలిన్ చిరిగింది. ఎండుమిరపకాయల్ని పొడుగ్గా, వెడల్పుగా, మధ్యలో కాస్త ఎత్తు గట్టులా రాశి పోసి కప్పుతాం కదా, దానికి సరిపడా కొత్తది కోయించాలి. ఎప్పుడు కోయించినా ఆ కొలత నాదే.

"ఈసారి శిల్పని కొలవనీవే, చదువుకున్న పిల్ల," అంది అత్త.

శిల్ప టేపు పట్టుకుని దిగింది. "ఇది త్రిభుజాకార పట్టకం అక్కా. ఏటవాలు పక్కలు రెండు, చివర త్రిభుజాలు రెండు," అని నాకే పాఠం! అన్నీ కప్పేలా లెక్కేసి, సరిగ్గా అంతే కోయించింది.

కప్పి చూస్తే అంచు నేలని తాకిందంతే. మీద రాళ్ళు పెట్టడానికి జానెడు గుడ్డ మిగల్చలేదు మహాతల్లి! గాలొస్తే లేచిపోదూ? చెప్పాలా? చెప్పను గాక చెప్పను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి దాని పరువు పోతే చూడాలనిపించింది.

సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. అత్త ఇంట్లో ఉంది, కల్లంలో మేమిద్దరమే. శిల్ప ఒక మూల అదిమితే ఇంకో మూల లేస్తోంది. దాని మొహం చూస్తే నా కడుపు చల్లబడింది. అంతలో రాశి మీద చినుకు పడింది. తడిస్తే మొత్తం బూజే. ఆ కాయలు నేనూ కోశాను కదా!

"ఏడుస్తూ నుంచుంటావేంటే! అంచుల్లో కాయలు లోపలికి లాగి రాశి నెత్తిన పొయ్యి! అడుగు వెడల్పు తగ్గి ఎత్తు పెరిగితే కాయలు అవే, కప్పాల్సింది తగ్గుతుంది!" అని అరిచి గంప అందుకున్నాను.

తుమ్ముకుంటూ, కళ్ళు మండుతున్నా ఇద్దరం ఎత్తిపోశాం. టార్పాలిన్ చుట్టూ మిగిలింది. రాళ్ళు పేర్చామో లేదో వాన దంచింది.

వెలిశాక అత్త పరుగెత్తుకొచ్చి టార్పాలిన్ ఎత్తి చూసింది. ఒక్క కాయ తడవలేదు.

"చూశావటే మల్లేశ్వరీ, కొలతంటే అదీ! నా బంగారుతల్లి!" అంది నాతో, శిల్ప వీపు నిమురుతూ.

"నా గొప్పేం కాదత్తయ్యా. నేను తప్పు కొలిచాను. అక్కే కాపాడింది," అంది శిల్ప, నా చెయ్యి పట్టుకుని.

అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుని దాని గడ్డం పుణికింది.

"ఎంత మంచి మనసే నీది! పేరు కూడా తోటికోడలికే ఇచ్చేస్తున్నావు!"