టక్కుమనని నడుము

నేను ఒక బల్లను. అన్నం తినే బల్లనూ కాదు, చదువుకునే బల్లనూ కాదు; నడుము నొప్పులవాళ్ళు బోర్లా పడుకునే బల్లను. ముఖం ఆనించుకోవడానికి తల దగ్గర ఒక కన్నం ఉంటుంది. మూలుగులన్నీ అందులోంచే నేల మీద పడతాయి. ఏళ్ళ తరబడి నన్ను ఒక సందేహం వేధించేది. వీళ్ళకు నయం చేసేది చేతులా, ఆ చేతుల కింద వచ్చే 'టక్' అన్న చప్పుడా?

కోయంబత్తూరులో ఇనుప కాళ్ళు అతికించి, నల్ల రెగ్జిన్ తొడిగి నన్ను లారీ ఎక్కించారు. మొదటి యజమాని విజయవాడాయన. కనిపించిన మెడనల్లా మెలితిప్పేవాడు. ఎదురుగా సెల్‌ఫోను నిలబెట్టి ఆ చప్పుడు లోకానికి వినిపించేవాడు. చప్పుడు పెద్దదైతే జనం పెరిగేవారు. షుగరుకు కూడా వెన్నెముకే కారణమనేవాడు. నేను దేవుణ్ణి నమ్మేదాన్ని. ఆయన్ని మాత్రం నమ్మలేకపోయాను. నా రెగ్జిన్ చిట్లగానే, కాకినాడలో మెడ, నడుము కీళ్ళను చేత్తో సరిచేసే డాక్టర్ నళినికి అమ్మేశాడు.

నళినమ్మది చిన్న గది, గోడకు వెంకన్న పటం. కొత్తగా వచ్చినవాళ్ళను ఆవిడ వెంటనే నా మీద పడుకోనివ్వదు. కుర్చీలో కూర్చోబెట్టి అడుగుతుంది. ఎక్కడైనా పడ్డారా, ఏ మందులు వాడుతున్నారు, ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పారా, కాలు మొద్దుబారిందా, ఒంటికీ రెంటికీ తెలుస్తోందా? ఈ ప్రశ్నలకు విసుక్కోని మనిషిని నేను చూడలేదు. "టక్ అంటే ఎముక కూర్చున్నట్టు కాదండీ, కీలులో గాలిబుడగ చప్పుడు. రాకపోయినా నష్టం లేదు. రేపు ఒళ్ళు కాస్త సలుపుతుంది, కంగారుపడకండి" అని రోజూ చెబుతుంది. వినేవాళ్ళు తక్కువ. మోసే నాకే అలుపొస్తుంది, చెప్పే ఆవిడ సంగతేమిటో!

ఒకనాడు వీరవేణి, ఆవిడ భర్త బుల్లబ్బాయి వచ్చారు. ఇద్దరూ ఇడ్లీ కొట్టు నడుపుతారు.

"ఈయనకి గుండెపోటు వచ్చినప్పుడు, బతికితే సత్తెమ్మ తల్లి గుడి చుట్టూ పొర్లుదండాలు పెడతానని మొక్కుకున్నానమ్మా. ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడేమో నడుం పట్టేసింది. జాతర లోపల బాగుచెయ్యండి. తల్లికి బాకీ ఉండలేను."

"ఆ బాకీ కింద నన్ను పట్టుకుపోద్దని దీని భయం డాక్టరమ్మా!" అని నవ్వాడు బుల్లబ్బాయి.

నళినమ్మ తన ప్రశ్నలు మొదలుపెట్టింది.

"కాలు మొద్దుబారుతోందా?"

"అబ్బే, లేదండీ. నరం పట్టిందంతే."

ఆపరేషన్ అంటారేమోనన్న భయం ఆ మాటలో నాకే వినిపించింది. ఆవిడ నా మీద బోర్లా పడుకుంది. నళినమ్మ చెయ్యి చాపి, ఆగిపోయింది.

"చెప్పులెక్కడ విడిచారండీ?"

"గుమ్మంలో."

"రెండూనా?"

బుల్లబ్బాయి వంగి చూశాడు. కుడికాలు ఖాళీగా ఉంది. ఎడమకాలికి చెప్పు అలాగే ఉంది.

"అయ్యో స్వామీ! పటం ముందుకి చెప్పుతో వచ్చేశానా!" వీరవేణి లేచి చెంపలు వేసుకుంది. ఆవిడకు అపచారం కనిపించింది. డాక్టరుకు జబ్బు కనిపించింది.

అప్పుడు బయటపడ్డాయి మాటలు. ఆ కాలు తనది కానట్టుందని ఆవిడ చెప్పింది. "ఎదురుకాళ్ళతో పుట్టినోడని మా తమ్ముడి చేత నడుం మీద తన్నించాం కూడానండి" అన్నాడు బుల్లబ్బాయి, నేల చూపులు చూస్తూ.

"నరం నలుగుతోంది. ఈ నడుం మీద నేను చెయ్యి వెయ్యను. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళండి."

"ఒక్క టక్ అనిపించండమ్మా, తర్వాత వెళ్తాం" అని బతిమాలాడు బుల్లబ్బాయి.

"ఆ టక్కుతో కాలు పడిపోతే?"

"చప్పుడే చెయ్యని వైద్యం ఏం వైద్యమండీ" అని సణుక్కుంటూనే భార్యను ఆటో ఎక్కించాడు. చెయ్యి వెయ్యకుండా, ఏ చప్పుడూ లేకుండా, ఒట్టి చూపుతో నా మీద జరిగిన ఆ వైద్యమే నా సందేహం తీర్చింది.

ఆపరేషన్ అయింది. కాలికి మెల్లగా స్పర్శ వచ్చింది. కానీ పొర్లుదండాలు మాత్రం వద్దన్నారు. ఆ సంగతి చెప్పడానికొచ్చి, నా అంచున కూర్చుని వీరవేణి ఏడ్చింది. బిడ్డ నడుము విరగాలని ఏ తల్లి కోరుకుంటుంది? అడుగుదామనుకున్నాను, బల్లలు అడగవు.

జాతర మర్నాడు బుల్లబ్బాయి బొజ్జతో సహా నా మీద వాలాడు. నా ముసలి కాళ్ళు కిర్రుమన్నాయి.

"ఏం చేశారండీ?"

"మొక్కింది నా ప్రాణం కోసం. తీర్చాల్సింది నా ఒళ్ళే గదండీ! గుండె డాక్టరుగారిని అడిగే దొర్లాను. ఆగి ఆగి దొర్లమన్నారు. ఆయ్, కాలు మొద్దు లేదు, ఒంటికీ రెంటికీ బానే ఉంది, ఎవరి చేతా తన్నించుకోలేదు. నడుమే పట్టేసింది."

"తడిబట్టలతో పక్కనే నడిచానమ్మా. ప్రతి మలుపులోనూ తిట్టాడు" అంది వీరవేణి. "నన్నే లెండి, తల్లిని కాదు."

అతను ముఖం కన్నంలో పెట్టాడు. చెవుల్లోంచి, జుట్టులోంచి గుడి మట్టి జలజలా నేల మీద రాలింది. నళినమ్మ చీపురు అందుకోబోయింది.

"ఉండండమ్మా" అంటూ వీరవేణి నడుం వంచకుండా మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మట్టిని చిటికెతో తీసి నుదుట పెట్టుకుంది.

"తీరిపోయింది తల్లీ" అంది.