పదకొండో గది తలుపు

త్రియానా పేటలో మా లోగిలికి నేనే పెద్దదిక్కుని. ఇరవైరెండు గదులు, నడుమ వాకిలి, ఒక నుయ్యి, అందరికీ ఒకే వంటపాక. యజమాని తరఫున తాళాలూ తగాదాలూ చూసేదాన్ని నేనే. మా దగ్గర పగటిపూట తలుపు వేసుకునే అలవాటు లేదు. వేసి ఉందంటే లోపల జబ్బో చావో అనుకుని నలుగురూ పరుగెత్తుకెళ్తారు.

ఫుయెన్‌సాంత కాపురానికి వచ్చిన మొదటి రోజే పదకొండో గదికి గడియ పెట్టుకుంది. ఎక్కడో పొలాల మధ్య ఒంటింట్లో పెరిగిన పిల్ల, గడియ వెయ్యకపోతే భయం. మేం మూడుసార్లు తలుపు బాదాం. మూడుసార్లూ సిగ్గుతో ఎర్రబడి, "బాగానే ఉన్నానండీ" అంది. నాలుగోసారి ఎవరూ వెళ్ళలేదు.

"మహారాణిగారు దర్శనమివ్వరే!" అని దెప్పేది ఎదురుగది ఒబ్దూలియా. నేనూ నవ్వేదాన్ని. పొగరంటే నాకు ఒళ్ళుమంట, ఆ పిల్లది పొగరేనని తేల్చేసుకున్నాను. అప్పటికి ఆమెకి ఏడో నెల.

జూలైలో ఒక మధ్యాహ్నం, ఎండకి తాళలేక అందరం వసారా నీడన చేరాం. ఉన్నట్టుండి పదకొండో గది తలుపు బార్లా తెరుచుకుంది.

"అమ్మయ్య, పిల్ల దారికొచ్చింది!" అంది ఒబ్దూలియా. "పోయి పలకరిద్దామా కసిల్దా?"

"ఇన్నాళ్ళూ మనమే పోయాంగా. ఈసారి తననే రానీ. ఓ కుర్చీ వేసి ఉంచు," అన్నాను నేను.

కుర్చీ వేశాం. ఆమె బెట్టు చూసి నవ్వుకుంటూ గంటసేపు కబుర్లాడుకున్నాం. ఇంతలో ఆమె మొగుడు హినేస్ ఓడరేవు పని నుంచి వచ్చాడు. లోపల అడుగుపెట్టి కేక వేశాడు.

తెరిచిన తలుపు రెక్క వెనక, నెత్తుటిలో పడి ఉంది ఫుయెన్‌సాంత. అరిచే ఓపిక లేక, మంచం దగ్గర్నుంచి పాక్కుంటూ వచ్చి గడియ తీసింది.

ఆస్పత్రిలో ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు.

తొమ్మిదో రోజున ఇంటికి తెచ్చారు. కోడి చారు పట్టుకెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. కాళ్ళ మీద పడాలనిపించింది. తప్పు నాదేనని చెప్పాలనిపించింది. చారు గిన్నె ఆమె చేతికిచ్చాను. ఆమే అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది.

"తలుపు తీస్తే వస్తారనుకున్నా పిన్నీ. వేసి ఉంటేనే వస్తారా?"