పాత వ్యానుకు కొత్త రబ్బరు

వ్యాను వెనకద్దం కూర్చునే చట్రంలో కిందిమూలన మిగిలిపోయిన పాత రబ్బరును అద్దాలత్త మొండికత్తితో గీకుతోంది. ఎండకు ఎండి రాయిలా అయిపోయిన రబ్బరు. నల్లటి పెచ్చులుగా రాలి ఒళ్లో పడుతోంది. రాలిన ప్రతి పెచ్చునూ ఏరి పక్కనున్న డబ్బాలో వేస్తోంది ఆవిడ. కింద పడితే పాప నోట్లో పెట్టుకుంటుందని కోడలి భయం. ఉండి ఉండి ఆ భయం ఈవిడకీ అంటుకుంది.

పాప కాస్త అవతల, పడుకోబెట్టిన లారీ టైరు మధ్యలో కూర్చుని ఉంది. టైరు గుంటలో పాత బొంత పరిచి దాన్ని అందులో దింపుతారు. అంచు పట్టుకుని నిలబడుతుంది గానీ దాటడం ఇంకా చేతకాదు. రోజులు గడిచేకొద్దీ ఆ టైరు పొట్టిదవుతున్నట్టు కోడలికి అనిపిస్తోంది.

"అత్తయ్యా, ఇది ఏదో నములుతోంది!"

"పళ్లొస్తున్నాయమ్మాయ్. దాని చిగుళ్లే అది నములుకుంటోంది."

అయినా కోడలు చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పాప నోట్లో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ దొరకలేదు. పాప మాత్రం ఆ వేలు పట్టుకుని గట్టిగా కొరికింది.

"చూశావా, అద్దాలు తుడిచిన వేలు రుచిగా ఉందిట," అంది అద్దాలత్త.

ఆ పేరు ఆవిడకి షెడ్డు పెట్టిందే. కోడలు పొద్దస్తమానం "అత్తయ్యా, అత్తయ్యా" అని అరుస్తుంటే ఇంజన్లు విప్పేవాళ్లు, టైర్లు మార్చేవాళ్లు, ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా అద్దాలత్త అనడం మొదలుపెట్టారు. షెడ్డులో అద్దాలు బిగించే ఈ ఈశాన్యపు మూల ఆవిడది. అంతకుముందు ఆవిడ మొగుడిది. కొత్త బండ్లకి అద్దాలు జిగురుతో అతికించేస్తారు. రబ్బరు వేసే బండ్లు పాతవే, అవీ తగ్గిపోతున్నాయి. ఈ వ్యాను కోడలికంటే వయసులో పెద్దది. బుంగమూతి, గుండ్రటి దీపాలు. పాతసామాన్ల కొట్టు వెనక ఏళ్ల తరబడి గోడకి ఆనుకుని పడి ఉన్నదాన్ని ఎవరో ముచ్చటపడి కొనుక్కుని బాగుచేయిస్తున్నారు. రంగు అయింది, సీట్లు అయ్యాయి. ముందద్దం మొన్న ఆవిడే బిగించింది. వెనకద్దం, రెండు పక్కద్దాలు మిగిలాయి.

నిన్న షెడ్డు ఓనరు వచ్చి చాలాసేపు తల గోక్కుంటూ నిలబడ్డాడు. కిందటి నెల ఆవిడ చేతిలోంచి అద్దం జారిపోవడం ఆయన చూశాడు.

"అక్కా, నీ పని గురించి నాకు బెంగ లేదు. నీ తరవాత ఏమిటన్నదే. జిగురువాళ్లు ఈ మూల ఇమ్మని చంపుతున్నారు. ఈ వ్యానుకి మిగిలిన అద్దాలు మీ కోడల్ని బయట నిలబడి బిగించనీ. రేపు సాయంత్రం నీళ్లు పట్టి చూద్దాం. ఒక్క చుక్క లోపలికి రాకపోతే మూల ఆ అమ్మాయిదే. వచ్చిందా, నన్నేమీ అనుకోకు."

చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు బయట, ఒకరు లోపల. అద్దం చుట్టూ రబ్బరు తొడుగుతారు. ఆ రబ్బరు గాడిలో సన్నటి తాడు పొదిగి, కొసలు రెండూ లోపలికి వేలాడేలా వదులుతారు. సబ్బునీళ్లు పూసి అద్దాన్ని చట్రానికి ఆనించాక, లోపలి మనిషి తాడు లాగుతూ పోతే రబ్బరు పెదవి కొంచెం కొంచెంగా రేకు అంచు మీదికి ఎక్కుతుంది. బయటి మనిషి అరచేత్తో దాని వెంటే చరుస్తూ రావాలి. గట్టిగా చరిస్తే అద్దం చిట్లుతుంది. మెల్లగా చరిస్తే రబ్బరు ఎక్కదు. ఎంత గట్టిగా అన్నది ఆవిడ మొగుడు ఎన్నడూ నోటితో చెప్పలేకపోయాడు.

పెళ్లయిన కొత్తలో, తాడు లాగే మనిషి మానేశాడని ఆయన ఆవిణ్ణి తీసుకొచ్చి ఓ బస్సులో కూర్చోబెట్టాడు. "కాసేపే," అన్నాడు. ఆ కాసేపు ఆయన పోయేదాకా సాగింది. ఇంట్లో ఆయన తలెత్తి మాట్లాడే మనిషి కాదు. మొగుడి మొహం ఆవిడ తీరిగ్గా చూసిందంటే అద్దంలోంచే. నుదుటి మీద చెమట, పళ్ల మధ్య తడిగుడ్డ, కనుబొమలు ముడిచి తనవైపే చూపు. ఆ చూపు తనమీద కాదని, రబ్బరు మీదని ఆవిడకి తెలుసు. అయినా అదే తన కాపురం అనుకుంది. ఆయన పోయాక ఆవిడ బయటికొచ్చి నిలబడింది, కొడుకు లోపల కూర్చున్నాడు. మూసిన బండిలో ఆ ఉక్క వాడు భరించలేకపోయాడు. లారీ ఎక్కి వెళ్లిపోయాడు. వచ్చినప్పుడు నిద్రపోతాడు, లేచి వెళ్లిపోతాడు. వాడి చోటులోకి కోడలొచ్చింది. చిన్న చేతులు, పెద్ద భయం.

చట్రం గీకడం అయ్యేసరికి ఆవిడ ఎడమచెయ్యి భుజం దగ్గర్నించీ లాగుతోంది. గీకింది కుడిచేత్తో కదా, ఇదెందుకు నొప్పెడుతోందని ఒకసారి అనుకుని, మళ్లీ మరిచిపోయింది.

అన్నాలు తిని చేతులు కడుక్కుంటూ ఉండగా కోడలు పిలిచింది.

"అత్తయ్యా... ఒకసారి ఇలా రండి."

పొద్దున తను వెనకద్దానికి తొడిగి ఉంచిన కొత్త రబ్బరును చూపించింది. రెండు కొసలూ కలిసేచోట సందు కనిపిస్తోంది.

"పొద్దున సరిగ్గా అతికింది. వెంట్రుక కూడా దూరేది కాదు. ఒట్టు."

అద్దాలత్త గోరు పెట్టి చూసింది. దిగిపోయింది. "కొలిచేటప్పుడు లాగావా?"

"ఇది ఏడుస్తోంది. దీన్ని చంకనేసుకుని, ఒంటి చేత్తో..."

"లాగి కోసిన రబ్బరు ఊరుకోదమ్మాయ్. దాని పొడుగు అది వెతుక్కుంటూ వెనక్కెళ్లిపోతుంది. వేలెడు ఎక్కువ కోసి, కుక్కి కూర్చోబెట్టాలి."

"ఇప్పుడెలా? చుట్టలో మిగిలింది రెండు పక్కద్దాలకే. ఓనరుగారికి చెప్పేద్దామా?"

"ఏమని? పాప ఏడ్చింది, రబ్బరు కురచైంది అనా? జిగురువాళ్లకి కబురు కూడా నువ్వే పంపు, పనిలో పని." కోడలి కళ్లు నిండడం చూసి ఆవిడ గొంతు తగ్గించింది. "ఏడుపు తరవాత ఏడుద్దువుగాని, నేనూ తోడొస్తాను. ముందు వేణ్ణీళ్లు పెట్టు."

ఆలోచిస్తే లెక్క కుదిరింది. పక్కద్దాలకని ఉంచిన ముక్కంతా వెనకద్దానికి వాడాలి. కురచైన రబ్బరును కత్తిరిస్తే ఒక పక్కద్దానికి వస్తుంది. రెండోదానికే రబ్బరు లేదు. వ్యాను ఇన్నేళ్లూ గోడకి ఆనుకున్న పక్క ఎండ తగల్లేదు, అటువైపు పాత రబ్బరు ఇంకా మెత్తగానే ఉంది. దాన్ని చిరగకుండా ఊడదీసి, వేణ్ణీళ్ల గిన్నెలో చుట్టచుట్టి వేసింది అద్దాలత్త. గరిటెలాంటి కర్రతో అటూ ఇటూ తిప్పుతోంది.

రంగులు వేసే ముసలాయన అటుగా వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. ఆవిడ మొగుడి స్నేహితుడు. వదినా అని తప్ప పిలవడు.

"ఏం వదినా, వంట కూడా ఇక్కడే పెట్టేశావా? ఏం కూర?"

"నీలాంటి ముదురు కూరే. ఎంత ఉడికినా మెత్తబడట్లేదు. కూర్చో, వడ్డిస్తాను."

"వద్దులే తల్లీ, నాకున్నవి రెండు పళ్లు," అని నవ్వుకుంటూ పోతూ వెనక్కి తిరిగాడు. "మొహం అలా పాలిపోయిందేంటి వదినా?"

"ముందు నీ మొహం నీ రంగుడబ్బాలో చూసుకుని మాట్లాడు."

వెనకద్దం ఎత్తే వేళకి ఆవిడ వ్యాను పక్కతలుపు తీసి లోపలికెక్కింది. చాలా ఏళ్లకి మళ్లీ లోపల. కొత్త సీట్ల వాసన, మూసిన బండిలో ఉక్క. బయట కోడలు అద్దానికి రెండు అరచేతులూ ఆనించి నిలబడింది.

"అత్తయ్యా, నావల్ల కాదు. పగిలితే ఇలాంటిది ఎక్కడా దొరకదన్నారు."

"నేను లాగుతున్నాను. నువ్వు చరుస్తూ రా."

తాడు కదిలింది. కోడలు చరిచింది, ఈగని తోలినట్టు. రబ్బరు పెదవి రేకు దాకా వచ్చి, ఎక్కకుండా జారి వెనక్కిపోయింది. మళ్లీ లాగింది. మళ్లీ అంతే. ఆవిడకి ఒక సంగతి తట్టింది.

"పాలు తాగాక పాపకి తేన్పు రావాలంటే వీపు మీద ఎలా తడతావ్?" అని లోపల్నించి అరిచింది.

"ఆఁ?"

"తేన్పు! ఎలా తడతావ్?"

కోడలు చెయ్యి దొప్పలా వంచింది. తట్టింది.

"అదీ. ఇంకాస్త కోపంగా. రాత్రంతా నిద్రపోనివ్వలేదనుకో."

తడుతూ వచ్చింది కోడలు. తాడు వెంట రబ్బరు పెదవి మెల్లగా లేచి రేకుని కరుచుకుంటూ మూల తిరిగింది, పైకి పాకింది, రెండో మూల తిరిగింది. చివరి జానెడు కోడలు ఆవిడ చెప్పకుండానే తన బరువంతా వేసి నొక్కింది. అద్దం ఒక్క నిట్టూర్పు విడిచి కూర్చుంది. ఆ చప్పుడు ఎరిగినవాళ్లకే తెలుస్తుంది. కోడలి మొహం అద్దానికి ఇంత దగ్గరగా ఉంది. కనుబొమలు ముడుచుకుని, నుదుటి మీద చెమటతో.

అద్దాలత్త సీటు మీద కాసేపు కూర్చుండిపోయింది. ఒంటినిండా చల్లటి చెమట పట్టింది. ఉక్కకనుకుంది.

పక్కద్దాలు త్వరగానే అయ్యాయి. పాత రబ్బరు వేసినది కూడా మొరాయించకుండా ఎక్కింది. ఓనరు వచ్చేసరికి ఎండ షెడ్డు దాటి రోడ్డు మీదికి పోయింది.

నీళ్లు పట్టేటప్పుడు పాతకాలం నించీ ఒకటే పద్ధతి. లోపలి మనిషి ప్రతి అద్దం కిందా పాత పేపరు చింపి పరుస్తుంది. చుక్క పడితే కాగితం నల్లబడుతుంది. నీళ్ల హోరులో కేకలు వినబడవు గనక, కారితే అద్దం మీద వేలికణుపుతో కొట్టాలి. కొట్టకపోతే కారనట్టే.

"నేనే కూర్చుంటాను లోపల," అంది అద్దాలత్త.

"ఆవిడ అబద్ధమాడదు, నాకు తెలుసు," అన్నాడు ఓనరు. కోడలు గొట్టం పట్టుకుంది. వెళ్లేముందు పాప బట్ట తడవకుండా టైరు మీద గొడుగు పెట్టి వచ్చింది.

నీళ్లు ముందద్దం మీద మొదలయ్యాయి. వ్యానంతా హోరు. అద్దాలత్త పాత రబ్బరు వేసిన కిటికీ పక్కన కూర్చుంది, కారితే ఇక్కడే కారాలని. కాగితం మీదే చూపు. నీళ్లు ఒక్కొక్క అద్దమే దాటి ఈ అద్దం మీదికి వచ్చాయి. బయట కోడలూ ఓనరూ కరిగి, ఒకరిలోకి ఒకరు జారిపోతున్నారు. రబ్బరు అంచున నీళ్లు చేరి, దారి వెతుక్కుని, దొరక్క కిందికి పోయాయి. కాగితం తెల్లగానే ఉంది.

అప్పుడు చేతిలోని నొప్పి ఛాతీలోకి దిగింది. ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు. ఊపిరి సగంలో ఆగింది. ఆవిడ కుడిచెయ్యి తనంతట తానే లేచి అద్దం దాకా వెళ్లింది. వేలికణుపు అద్దానికి తగలబోతూ ఆగింది.

ఇప్పుడు కొడితే కారిందనుకుంటారు. ఓనరు అక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో గొట్టంతో ఆ పిల్ల, ఈ అద్దంకేసే చూస్తోంది. ఒక్క వెనకద్దమే మిగిలింది. ఇలాంటి నొప్పులు ఎన్ని రాలేదు, కాసేపుంటే అదే పోతుంది. తరవాత చెప్పొచ్చు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, వేళ్లను కొంగులో చుట్టేసుకుంది.

బయట కోడలు వెనకద్దం మీద నీళ్లు పడుతోంది. చెవులు మాత్రం లోపలి చప్పుడు మీదే ఉన్నాయి. ఓనరు వ్యాను రేకుకి చెవి ఆనించాడు.

"కొట్టిందా?"

"లేదండీ."

"అతుకు దగ్గర ఇంకాసేపు పట్టు."

పట్టింది. చప్పుడు లేదు. మళ్లీ మొదట్నించీ, పక్కద్దాల మీద, మూలమూలనా పట్టించాడు. ఎక్కడా చప్పుడు లేదు. ఓనరు తనే వెళ్లి కుళాయి కట్టేసి, చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.

"సరేనమ్మా. జిగురువాళ్లకి వేరేచోటు చూసుకోమంటాను. మూల నీదే."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టైరులోంచి పాపని ఎత్తుకుని తడికాళ్లతోనే వ్యాను తలుపు దగ్గరికి పరిగెత్తింది.

"అత్తయ్యా, విన్నారా? ఒక్క చుక్క రాలేదు! మూల మనకే ఇచ్చేశారు."

అద్దాలత్త కిటికీకి తల ఆనించి కూర్చుని ఉంది. కుడిచెయ్యి కొంగులోనే ఉంది. అలిసి కునుకు తీసిందనుకుంది కోడలు. పాపని వంచి, "నానమ్మని లేపవే," అంది. పాప ఆవిడ బుగ్గ మీద అరచేత్తో చరిచింది. నవ్వి, మళ్లీ చరిచింది. ఆవిడలో ఊపిరి కదలిక లేదు. కోడలు పాప చెయ్యి పట్టుకుని ఆపింది.

రంగులాయనా ఓనరూ కలిసి ఆవిణ్ణి దింపారు. షెడ్డులో ఒక్కొక్క ఇంజనే ఆగిపోయింది. అందరూ ఆవిడ వెంట వెళ్లారు. వ్యాను తలుపు ఎవరూ మూయలేదు. పాత రబ్బరు వేసిన కిటికీ కింద పరిచిన పేపరు ముక్క గాలికి ఒక అంచు లేచి, మళ్లీ వాలింది, అచ్చులో ఒక్క అక్షరం కూడా తడవకుండా.