ముహూర్తానికి ముందే అడిగిన పేరు

మా మామ రామ్‌రావుకు కంప్యూటర్ మీద నమ్మకం లేదు, ముహూర్తం మీద ఉంది. బీదర్ గంజ్ బజారులో పప్పుల హోల్‌సేల్ దుకాణం మాది. ఆర్డర్లకు వెబ్‌సైట్ కోడలినైన నేను పెడతానంటే ఆయన రెండు షరతులు పెట్టాడు. సైట్ పేరు ముహూర్తానికే పుట్టాలి, అంతకుముందు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అప్పుడు తెరుచుకోకపోతే పని బయటివాళ్లకు ఇచ్చేస్తాడు, నేను మళ్లీ దుకాణం మెట్టెక్కకూడదు.

చవకలో ఒక సర్వర్ అద్దెకు తీసుకున్నాను. మా పేరు ఎవరైనా అడిగితే ఫలానా చోట ఉందని చెప్పడమే దాని పని. దానితో కుస్తీ పట్టి, తిట్టుకుని, ఎలాగో దారికి తెచ్చాను. పేరు మాత్రం మామ చెప్పినట్టే ముహూర్తానికి, దుకాణంలో కూర్చునే రాశాను. నా ఫోన్‌లో చూస్తే వచ్చింది.

గంజ్ పెద్దలంతా చుట్టూ నిలబడ్డారు. మామ కొబ్బరికాయ కొట్టి, గల్లా దగ్గరి కంప్యూటర్‌లో ఒక్కో అక్షరం వెతికి పేరు కొట్టాడు. అలాంటి పేరే లేదంది.

మళ్లీ కొట్టాడు. లేదంది.

"ఇదేనా నీ సదువు? నలుగురిల నా ఇజ్జత్ తీసినవ్!"

"నా ఫోన్ల వచ్చింది మామా..."

"నీ ఫోన్ల వస్తే ఎవడు చూస్తడు?"

ఒళ్లు మండింది. నోటిదాకా వచ్చిన మాట మింగి, సర్వర్‌లో రాసినదంతా అక్షరం అక్షరం చూశాను. తప్పు లేదు.

ఇంతలో ఎదురు దుకాణం రాచయ్య తన ఫోన్ ఎత్తి చూపించాడు. "నా దాంట్ల తెరుసుకుంది గదా రామ్‌రావ్! కందిపప్పు ఫోటో గూడ కనబడుతాంది."

సొంత నెట్ ఉన్న ఫోన్లలో వస్తోంది, మా దుకాణం నెట్‌లోనే రావడం లేదు. అప్పుడు నాకు వెలిగింది. పేరు రాయకముందే ఎవరైనా అడిగితే 'లేదు' అనే జవాబు వస్తుంది. ఆ జవాబును నెట్ కొంతసేపు గుర్తుపెట్టుకుని, తర్వాత పేరు పుట్టినా పాత మాటే చెబుతుంది.

"ముందుగాల ఈ కంప్యూటర్ల ఎవరన్న పేరు కొట్టి చూసిండ్రా?" అని అడిగాను. "చూస్తేనే ఇట్లైతది. కొద్దిసేపాగితే దానంతటదే వస్తది."

పొద్దున దుకాణం తెరిచింది మామ ఒక్కడే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క మాట అంటే నేను గెలుస్తాను, కానీ ఆయన గంజ్‌లో తలెత్తుకోలేడు. నాకు కోపం ఉంది, చాలా ఉంది. అయినా నోరు రాలేదు.

"చవక సర్వర్ తెస్తే గింతే," అన్నాడు రాచయ్య. "బయటోళ్లకు ఇచ్చెయ్యి రామ్‌రావ్."

మామ గొంతు సవరించుకున్నాడు.

"సర్వర్ మంచిగనే ఉంది. పొద్దుగాల నేనే కొట్టి చూసిన. ఒక్కసారి గాదు, మస్తుసార్లు. కోడలు ఇంతమంది ముందట ఆగమైతదేమోనని బుగులైంది."

ఎవరూ నవ్వలేదు. నేను చాయ్ తెప్పించే వంకతో మొహం తిప్పుకున్నాను.

చాయ్‌లు అయ్యాక కూడా మామ కంప్యూటర్ ముట్టుకోలేదు. గల్లా దగ్గరి కుర్చీలోంచి లేచాడు. ఆ కుర్చీలో ఆయన తప్ప ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు.

"కూసో బిడ్డా," అన్నాడు. "నువ్వే కొట్టు."

కూర్చున్నాను. ఒక్కసారే కొట్టాను. తెరుచుకుంది.