‘మా గురించి’ పేజీ

“ఎనిమిది నెలల్లో నాలుగే ఆర్డర్లు వచ్చాయంటే లోపం సైట్‌లో ఉండదు ప్రీతీ, నీ కుట్టులో ఉంటుంది” అన్నాడు నెల్సన్, ఇడ్లీ చట్నీలో ముంచుకుంటూ. కోపంగా అనలేదు. ఫోను చూసుకుంటూ, మబ్బు పట్టింది అన్నంత మామూలుగా అన్నాడు. “అయ్యుంటుందండీ” అంది ప్రీతి, వేడి ఇడ్లీలు ఇంకో రెండు పళ్ళెంలో వేస్తూ. తరవాత వంటింట్లోకి వెళ్ళి, అలా ఎందుకన్నానా అని పొయ్యి ముందు కాసేపు నిలబడిపోయింది.

పదిహేనేళ్ళుగా ఆమె కుట్టిన పెళ్ళి జాకెట్టు ఒక్కటీ వెనక్కి రాలేదు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఏ చర్చిలో పెళ్ళి కుదిరినా, తెల్లచీర మీదకి ముత్యాల పని జాకెట్టు కావాలంటే “వరమ్మగారి కోడలి దగ్గరికెళ్ళండి, ఆ అమ్మాయి చెయ్యి మంచిది” అంటారు. పేరు ఎవరూ చెప్పరు. వరమ్మగారి కోడలంటే చాలు, ఇల్లు దొరుకుతుంది.

వెబ్‌సైట్ నెల్సన్ చేసిందే. ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్లు చెబుతాడు కనక వేసవి సెలవుల్లో కూర్చుని, దానికి ‘నెల్సన్ బ్రైడల్స్’ అని పేరు పెట్టాడు. “ఇంటాయన పేరుంటే అదో గౌరవం కదమ్మా” అంది అత్తగారు వరమ్మ. ప్రీతికీ నిజమే అనిపించింది. సైట్ ఎలా ఉందో చెప్పమని నెల్సన్ చర్చి గ్రూపులో పెడితే, “వెరీ నైస్ బ్రదర్”, “దేవుడు మీ చేతిపనిని దీవించును గాక” అని ముప్పైమంది దాకా రాశారు. ఆయన ఆ మాటలన్నీ భోజనాల దగ్గర చదివి వినిపించాడు. ఆ ముప్పైమందిలో ఒక్కరూ ఒక్క జాకెట్టూ కుట్టించుకోలేదు.

లోపం ఎక్కడుందో మొహం మీద చెప్పే మనిషి ఎవరా అని ఆలోచిస్తే ఆమెకి ఒక్కరే గుర్తొచ్చారు. ఏలూరులో, తను చదివిన బళ్ళో తెలుగు చెప్పిన జ్ఞానప్రసూనాంబ టీచర్. ‘ఇది నీకే అర్థం కాలేదు, నాకేం అర్థమవుతుంది?’ అని వ్యాసం కింద ఎర్రసిరాతో రాసిన మనిషి. నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, ఆవిడ అంతా విని అడిగారు.

“నిజం చెప్పమంటావా, నీకు నచ్చేది చెప్పమంటావా?”

“నిజమేనండీ.”

“అయితే నువ్వే రా. నా ఫోన్లో నేను ఆర్డర్ పెడతాను, నువ్వు పక్కన కూర్చుని చూడు. మధ్యలో నోరు మెదపకూడదు.”

ప్రీతి ఒక పూట ఏలూరు వెళ్ళాలంటే ఇంట్లో రెండు పూటలకి వండి పెట్టాలి. చేపల పులుసు కాచి, అన్నం హాట్‌బాక్సులో సర్ది, వరమ్మ మాత్రలు పొద్దుటివి ఓ గిన్నెలో, సాయంత్రానివి ఓ గిన్నెలో వేసి, పూసలు కొనుక్కొస్తానని చెప్పి బస్సెక్కింది. అబద్ధం ఎందుకాడానా అని దారంతా అనుకుంది. నిజం చెప్పించుకోడానికి వెళ్తూ అబద్ధం చెప్పి బయల్దేరింది మరి.

టీచర్ గారు కళ్ళజోడు పెట్టుకుని సైట్ తెరిచారు. డెబ్భై ఏళ్ళు దాటిన ఆవిడ వేలు తెర మీద మెల్లగా కదిలింది. అక్షరాలు చిన్నవై కనపడలేదు, వేళ్ళతో పెద్దవి చేసుకున్నారు. ధర ఎక్కడుందో వెతికారు, దొరకలేదు. వెనకాల గులాబీలు కదులుతుంటే కళ్ళు మూసుకుని “ఇవి ఆగవా?” అన్నారు. ప్రీతి ఒళ్ళో చేతులు నలుపుకుంది గానీ నోరు విప్పలేదు. చివరికి కొలతల పేజీ వచ్చింది. ఛాతీ, నడుము, చంక చుట్టు, మెడ లోతు. అన్నీ నింపి వాట్సాప్ చెయ్యమని కింద ఓ నంబరుంది.

“ఈ నంబరు నీదేనా?”

“మా ఆయనదండీ.”

టీచర్ గారు కళ్ళజోడు మీంచి చూశారు. “అంటే, పెళ్ళి కావలసిన పిల్ల తన ఛాతీ కొలత రాసి మీ ఆయనకి పంపాలన్నమాట.”

ప్రీతికి చెవులు వేడెక్కిపోయాయి. ఎనిమిది నెలలుగా ఈ పేజీ తనూ చూసింది. ఆడవాళ్ళ కొలతలు తనే దగ్గరుండి, తలుపేసి, టేపు పెట్టి తీసుకునే మనిషి. మగవాళ్ళెవరూ గుమ్మంలోకి రాకుండా కర్టెను కుట్టి కట్టిన మనిషి. తనకెందుకు తట్టలేదు? తట్టిందేమో. తట్టినా, ‘నంబరు మార్చండి’ అని అడిగితే ‘అంటే నా మీద నమ్మకం లేదా?’ అంటాడేమోనని ఆ ఆలోచనని మొగ్గలోనే తుంచేసిందేమో. అలా తుంచినవి ఎన్నున్నాయో లెక్క కూడా తెలీదు.

ఆవిడ ‘మా గురించి’ అన్నచోట నొక్కారు. కుట్టుమిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ నెల్సన్ ఫొటో వచ్చింది. కింద రాసింది పైకి చదివారు. “‘శ్రీ నెల్సన్ గారి దార్శనికతతో, ఆయన సతీమణి సహకారంతో నడుస్తున్న సంస్థ.’ ఈయన కుడతాడా?”

“లేదండీ.”

“మరి ఈ వాక్యం ఎవరు రాశారు? ఆయనేనా?”

ఆయనే అని చెబితే బావుండునని ప్రీతికి ఎంతగానో అనిపించింది. కానీ నిజం కాదు. నెల్సన్‌కి తెలుగు రాయడం సరిగ్గా రాదు, “నువ్వే ఏదో రాసిపెట్టు” అన్నాడు. ఏం రాయాలో చెప్పలేదు. ప్రీతి పేరు వద్దని ఆయనా అనలేదు, అత్తగారూ అనలేదు. కూర పొయ్యి మీద పెట్టి, ఐదు నిమిషాల్లో, ఎక్కడా ఆగకుండా, ఆ ముక్కలు తనే రాసింది. బాగా వచ్చిందని మురిసిపోయింది కూడా.

“నేనేనండీ” అంది, నేల చూపులు చూస్తూ.

టీచర్ గారు తిట్టుంటే నయంగా ఉండేది. ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ ఒక తెల్ల జాకెట్టు దగ్గర ఆగారు. వీపు మీద తామరాకులు, వాటి మీద నీటిచుక్కల్లా విడివిడిగా ముత్యాలు. ఆవిడ చాలాసేపు చూశారు.

“ఈ పనికి మాత్రం వంక పెట్టలేను. నీదేనా?”

“మాదేనండీ.”

“మాదంటే?”

“కుట్టు నాదండీ. పైన మగ్గం పని, ఉంగుటూరు అవతల ఊళ్ళో రామలక్ష్మి అని ఒకావిడ చేస్తుందండీ. ఆరేళ్ళ నించీ.”

ఫొటో కింద ‘మా ఇంట్లోనే తయారైన మగ్గం వర్క్’ అని ఉంది. అదీ ప్రీతి రాసిందే. టీచర్ గారు ఆ ముక్క మీద వేలు పెట్టి, “ఆవిడేదీ ఇందులో?” అన్నారు.

తిరుగు బస్సులో ప్రీతి గూడెం దాకా వెళ్ళలేదు. ఉంగుటూరులో దిగి ఆటో ఎక్కింది. పొలాలు దాటాక కొల్లేటి వైపు అంతా చేపల చెరువులే. ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి అని గుమ్మం ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది. ఆరేళ్ళుగా బట్టలు తెలిసిన ఆటోలో వెళ్తాయి, పనై తిరిగొస్తాయి. పండగలకి ఆ మనిషే గూడెం వచ్చి గుమ్మంలో నిలబడి మాట్లాడి పోతుంది.

“అయ్యో, మీరొచ్చేరేంటండీ, కబురెడితే నేనే వద్దును కదండీ” అంటూ ఆమె మగ్గం ముందు నించి లేచింది. ముప్పై రెండేళ్ళుంటాయి. కిటికీ వెలుగులో మగ్గం మీద ఎవరిదో పెళ్ళి జాకెట్టు బిగించి ఉంది. గోడ మీద దండ వేసిన ముసలావిడ ఫొటో.

“ఎవరు?”

“మా అత్తగారండీ. ఈ పని నాకు నేర్పింది ఆవిడేనండీ.”

ప్రీతి ఫోను ఆమె చేతికిచ్చింది. “రామలక్ష్మీ, ఇది మా వెబ్‌సైట్. చూసి, ఏం బాగోలేదో నిజం చెప్పు.”

“నాకేం తెలుస్తుందండీ. బాగానే ఉందండీ.”

“బాగుందని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏం బాగోలేదో చెప్పు.”

ఆమె తామరాకుల జాకెట్టు దాకా జరిపి ఆగింది. చీరకొంగుతో తెర తుడిచి ఇంకోసారి చూసింది. “ఏమనుకోకండేం. మొన్న మా ఆడపడుచు ఇంట్లో ఫంక్షనైతేనండీ, ఇది నేను చేసిందేనని చూపించేనండీ. ఎక్కడ రాసుందో చూపించు అన్నారండీ. అందరూ నవ్వేరండీ.” అని తనూ కొంచెం నవ్వింది, ప్రీతికి బాధ కలగకూడదని.

ప్రీతి నవ్వలేకపోయింది. తప్పు మోపడానికి ఇక్కడ భర్త లేడు, అత్తగారు లేదు. ‘మా ఇంట్లోనే’ అని రాసింది తను మాత్రమే.

ఇంటికొచ్చి, మొహమైనా కడుక్కోకుండా, “సైట్ పాస్‌వర్డ్ ఇవ్వండి” అంది నెల్సన్‌తో.

“ఏం మార్చాలో చెప్పు, నేను మారుస్తాగా.”

“నేనే మార్చుకుంటానండీ. ఏలూరు వెళ్ళింది పూసల కోసం కాదు, మా టీచర్ గారికి సైట్ చూపించడానికి. ముందే చెప్పాల్సింది.”

ఆయన మొహం చిన్నబోయింది. “ఏమందావిడ? నన్ను తిట్టిందా?”

“లేదండీ. దొరికిపోయింది నేను. కొలతలకి నా నంబరు ఉండాలి. మీ ఫొటో తీసేస్తాను.”

“తీసేస్తే చర్చిలో అందరూ అడుగుతారు ప్రీతీ. ఏం చెప్పమంటావు?”

“కుట్టేది మా ఆవిడని చెప్పండి.”

పక్కగదిలో వరమ్మ టీవీ శబ్దం తగ్గించింది. కాసేపటికి నెల్సన్ ఒక చీటీ మీద పాస్‌వర్డ్ రాసి, చేతికివ్వకుండా మిషను మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఇంటిపని అయ్యాక ప్రీతి కూర్చుంది. ముందు గులాబీలు ఆపింది. నంబరు మార్చింది. ధరలు పెట్టింది. ‘మా గురించి’ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ‘నేను’ అని రాసి చెరిపింది. ఎవరైనా చూస్తే గొప్పలు పోతోందంటారేమోనని సిగ్గేసింది. మళ్ళీ రాసింది. ‘నా పేరు ప్రీతి. ఈ జాకెట్లు నేను కుడతాను. వీటి మీద మగ్గం పని రామలక్ష్మి చేస్తుంది.’ ఈ మూడు వాక్యాలకి గంట పట్టింది. ఫొటోలన్నిటి కిందా రామలక్ష్మి పేరు పెట్టి, అందరికీ కనపడేలా చెయ్యబోతూ ఆగి, ముందు ఆమెకే పంపింది, తప్పులేమన్నా ఉంటే మొహమాటపడకుండా చెప్పమని.

చాలాసేపటికి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

“చాలా బాగుందండీ. చదువుకుని ఏడుపొచ్చేసిందండీ. ఒక్కటే అండీ, ఏమనుకోకండేం... నా పేరు రామలక్ష్మి కాదండీ. రామలక్ష్మి మా అత్తగారండీ. మొదట్లో మీరు ఫోన్లో మాట్లాడి పనిచ్చింది ఆవిడకండీ. ఆవిడ మంచాన పడ్డాక నేను చేస్తున్నానండీ, ఫోన్ నంబరు అదే కదండీ, మీరు ఆ పేరే పిలిచేవోరు. పెద్దోరు పిలుస్తుంటే కాదనడం ఎందుకని నేనూ పలికేసేదాన్నండీ. నా పేరు రత్నమాణిక్యం అండీ.”

ప్రీతి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కూర్చుంది. నిన్న ఆ గదిలో, దండ వేసిన ఫొటో కింద నిలబడి, చనిపోయిన మనిషి పేరు పెట్టి ఆ పిల్లని పిలిచింది. ఆ పిల్ల పలికింది.

పేజీ తెరిచి, పేరున్న చోటల్లా చెరిపి, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొత్తగా రాసింది. ఇంటిపేరు కూడా అడుగుదామని ఫోన్ చేసింది. అవతల ఎత్తి, అలవాటు ప్రకారం “రామలక్ష్మినండీ, చెప్పండి” అనబోతుంటే ఆ మాట పూర్తికానివ్వకుండా పిలిచింది.

“రత్నమాణిక్యం.”

“ఆయ్, నేనేనండీ” అంది అవతలి గొంతు.