ధరలక్క కట్టిన గొడుగుల లెక్క

బస్సు డిపోలో ముప్ఫై మూడేళ్లు టైంకీపరుగా పనిచేసిన ఆయన, రిటైరైన మూడో వారానికే ఇంట్లో తలనొప్పిగా తయారయ్యాడు. పాలు ఎన్ని నిమిషాలకి పొంగాయో రాసుకునేవాడు. భార్య స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడి, "పద్దెనిమిది అయింది" అనేవాడు. ఆవిడ ఓర్చుకుని ఓర్చుకుని, చివరికి తమ్ముడి దగ్గర మొరపెట్టుకుంది. "ఈ మనిషికి ఏదో ఒక వ్యాపకం చూపించరా, పుణ్యం ఉంటుంది."

ఆ తమ్ముడు షేర్ల బ్రోకరు ఆఫీసులో గుమస్తా. బావ చేతికి రిటైర్మెంటు డబ్బు వచ్చిందని అతనికి అక్క చెప్పకముందే తెలుసు. మర్నాడు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"గొడుగుల కంపెనీ, బావా. షేరు ధర రెండు వందలు. పోయినేడు ఒక్కో షేరు మీద కంపెనీకి మిగిలిన లాభం నలభై. అంటే అయిదేళ్ల లాభం పెట్టి కంపెనీనే కొనేస్తున్నావన్నమాట. ఇంత చవకైన సరుకు దుర్భిణీ వేసి వెతికినా దొరకదు."

టైంకీపరుకి ఈ మాట ఇట్టే ఎక్కింది. ఎందుకంటే పోయినేడు వాన ఏడు నెలలు కురిసింది. ప్రయాణికులు బస్సుల్లో మర్చిపోయిన గొడుగులు డిపోలో ఒక గది నిండి, రెండో గదిలోకి పొంగడం ఆయన కళ్లారా చూశాడు. పోగొట్టుకున్న వాడల్లా మళ్లీ కొనుక్కోవాలిగా!

"మొత్తం పెట్టేద్దాం," అన్నాడు.

భార్య వంటింట్లోంచి పరుగున వచ్చింది. తను వ్యాపకం చూపించమంది గానీ ఉన్నదంతా ఊడ్చిపెట్టమనలేదు. "ముందు మీ అక్కగారిని ఒక్కమాట అడగండి," అంది.

టైంకీపరు అక్కని అందరూ ధరలక్క అంటారు. ఆవిడ ప్రభుత్వ గణాంకాల ఆఫీసులో పనిచేసి రిటైరైంది. నెలనెలా అవే దుకాణాలకి వెళ్లి, అవే వస్తువుల ధరలు అడిగి రాసుకురావడం ఆవిడ ఉద్యోగం. వాటన్నిటినీ కలిపి, బతకడం ఎంత ప్రియమైందో ఆఫీసు లెక్క కట్టేది. ముప్ఫై ఏళ్లు ధర అడిగి, ఏమీ కొనకుండా వెనక్కి తిరిగిన మనిషి. ఆవిడ వీధి మలుపులో కనబడగానే కొత్తగా చేరిన పనివాళ్లు గబగబా సరుకులు సర్దేవాళ్లు. పాత యజమానులు మాత్రం కుర్చీలోంచి లేవకుండానే, "సబ్బు పదిహేను, అగ్గిపెట్టె రెండు, వెళ్లిరామ్మా," అనేవాళ్లు.

బావమరిదిని కూడా వెంటబెట్టుకొచ్చిన టైంకీపరు చెప్పినదంతా విని, ధరలక్క తమ్ముణ్ణి ఒకే ఒక ప్రశ్న వేసింది.

"పోయినేడు సరే. అంతకుముందు తొమ్మిదేళ్లు ఎంత సంపాదించిందిరా?"

తమ్ముడు బావమరిది వైపు చూశాడు. బావమరిది గోడ వైపు చూశాడు.

"పాత సంగతులు ఇప్పుడెందుకు వదినగారూ?"

"పెళ్లిచూపుల రోజున అందరూ ఇస్త్రీ బట్టలే వేసుకుంటారు అబ్బాయ్. మిగతా రోజులు ఎలా ఉంటారో కనుక్కోవద్దూ?"

మర్నాడు ధరలక్క తమ్ముణ్ణి వెంటబెట్టుకుని గొడుగుల కంపెనీ ఆఫీసుకి వెళ్లింది. కింద అమ్మకాల గది, పైన ఆఫీసు. మెట్లెక్కే ముందు అలవాటు కొద్దీ నల్ల గొడుగు ధర, రంగుల గొడుగు ధర, చిన్నపిల్లల గొడుగు ధర కనుక్కుంది. పైన రికార్డుల గుమస్తా అట్టమీద తళతళలాడే గొడుగు బొమ్మ ఉన్న పోయినేటి నివేదిక మర్యాదగా చేతికిచ్చాడు.

"పదేళ్లవీ కావాలి నాయనా."

గుమస్తా ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "ఇరవై రెండేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నానమ్మా. పాతవి అడిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నా."

అతను సామాన్ల గదిలోకి వెళ్లి, దుమ్ము కొట్టుకుంటూ ఎనిమిది పుస్తకాలు తెచ్చాడు. ఇంకొకటి తక్కువైంది. అది తన బల్ల కాలు కిందే ఉందని అతనికి కాసేపటికి గుర్తొచ్చింది. టైంకీపరు బల్ల ఎత్తి పట్టుకుంటే, గుమస్తా వంగి లాగాడు. బాగా నష్టం వచ్చిన ఏడు అది. వాన చుక్క పడని ఏడు.

"దీని బదులు ఇంకేదైనా పెట్టుకో," అంది ధరలక్క, పుస్తకం దులుపుతూ.

"ఈ లావుది దొరకదమ్మా. లాభం వచ్చిన ఏళ్లవన్నీ పల్చన. నష్టం వచ్చిన ఏడే సంజాయిషీలు ఎక్కువ రాస్తారు."

ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిచి, ఆవిడ లెక్క మొదలుపెట్టింది. బావమరిది కూడా వచ్చాడు, పరువు విషయం కాబట్టి.

"పదేళ్ల కిందట షేరుకి నాలుగు మిగిలింది," అంటూ ఆవిడ కాగితం మీద ఎనిమిది వేసింది.

"నాలుగంటూ ఎనిమిదెందుకు వేశారు? తప్పు, తప్పు!" బావమరిది ఎగిరి గంతేశాడు.

"అప్పటి నాలుగుకి వచ్చిన సరుకు ఇప్పుడు కొనాలంటే ఎనిమిది కావాలి. అప్పటి డబ్బునీ ఇప్పటి డబ్బునీ కలిపి కూడితే, కిలోలనీ గజాలనీ కలిపి కూడినట్టు ఉంటుంది. అన్నిటినీ ఇవాళ్టి ధరల్లోకి మార్చుకోవాలి, ఆ తర్వాతే సగటు తీయాలి."

"రెట్టింపైందని మీకెలా తెలుసు? సబ్బు ధర చూసి చెప్తున్నారా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ధరలక్క కలం కింద పెట్టింది. "ఒక్క సబ్బు చూసి చెప్పడానికి నేనేమన్నా సబ్బులు అమ్ముకున్నానా? సబ్బు, అగ్గిపెట్టె, ఇంటద్దె, బస్సు చార్జీ, క్షవరం, చెప్పుల కుట్టుకూలి..." అని మొదలుపెట్టి, ఆఫీసు జాబితాలోని మూడు వందల పన్నెండు వస్తువుల్లో తొంభై దాకా పదేళ్ల కిందటి ధరతో సహా అప్పజెప్పింది. ఈలోగా టీ రెండుసార్లు చల్లారింది. టైంకీపరు ఆ రెండు టైములూ రాసుకున్నాడు.

చివరికి లెక్క తేలింది. పదేళ్లలో రెండేళ్లు నష్టం, ఏడేళ్లు అంతంతమాత్రం, ఒక్క ఏడే నలభై. ఇవాళ్టి ధరల్లో సగటు తీస్తే ఏడాదికి ఎనిమిది.

"రెండు వందల్ని ఎనిమిదితో భాగించు," అంది తమ్ముడితో.

"ఇరవై అయిదు."

"అయిదేళ్ల లాభం కాదురా నువ్వు పెడుతున్నది, పాతికేళ్లది. మామూలప్పుడు ఈ కంపెనీని జనం పన్నెండు పదమూడేళ్ల లాభానికి కొనేవాళ్లు. ప్రియం. వద్దు."

"కంపెనీ మారింది వదినగారూ! కొత్త మిషన్లు వేశారు, మడత గొడుగులు చేస్తున్నారు..."

"మారితే మారి ఉండొచ్చు. కానీ వాన మారిందని ఎవరు చెప్పారు? వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక?"

టైంకీపరు కొనలేదు. బావమరిది మాత్రం తన డబ్బుతో కొనుక్కున్నాడు.

అక్కణ్ణించి మొదలైంది అసలు నరకం. రెండు వందల షేరు నెలలోపే రెండు వందల నలభై అయింది. తర్వాత మూడు వందలు. బావమరిది రోజూ సాయంత్రం తన అక్కని పలకరించే నెపంతో వచ్చి, బూట్లు విప్పుతూ ఆ రోజు ధర గొంతెత్తి చెప్పేవాడు. మూడు వందల నలభై నాటికి ఆ బూట్లు కూడా కొత్తవయ్యాయి. మూడు వందల ఎనభై చేరిన రోజున అమ్ముకోకపోగా, ఇంకాస్త అప్పు చేసి మరీ కొన్నాడు.

అడగమని చెప్పిన భార్యే ఇప్పుడు ప్లేటు ఫిరాయించింది. "మీ అక్క మాట విని బాగుపడ్డ వాళ్లెవరు?" అంటూ గిన్నెలు మామూలుకన్నా గట్టిగా పెట్టేది.

టైంకీపరు కందగడ్డ మొహంతో అక్క ఇంటికి వెళ్లాడు.

"నీ లెక్క తప్పు. రెట్టింపైంది."

"లెక్క తప్పు కాదు. అప్పుడు ప్రియం, ఇప్పుడు మహాప్రియం."

"మరి పెరిగిందిగా!"

"ఖరీదు ఎక్కువో తక్కువో చెప్తుంది గానీ, రేపు పొద్దున ఏమవుతుందో ఈ లెక్క చెప్పదురా. ప్రియమైంది ఇంకా ప్రియం కావచ్చు. ఏళ్ల తరబడి అలాగే ఉండనూవచ్చు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగలేదుగా."

టైంకీపరు ఆర్నెల్లు అక్కతో మాట్లాడలేదు. ఆవిడ ఫోను చేస్తే ఎత్తి, "పది గంటల నాలుగు నిమిషాలు" అని టైం చెప్పి పెట్టేసేవాడు.

ఆ తర్వాత వాన ముఖం చాటేసింది. మొదటి ఏడు నాలుగు జల్లులతో సరిపెట్టింది, రెండో ఏడు అదీ లేదు. ఊళ్లో గొడుగు పట్టుకున్న వాడు కనబడితే జనం జాలిగా చూసేవాళ్లు. గొడుగుల కంపెనీకి షేరుకి ఎనిమిది చొప్పున నష్టం వచ్చింది. మూడు వందల ఎనభై షేరు జారీ జారీ యాభై ఆరు దగ్గర ఆగింది. బావమరిది పలకరింపులు మానేశాడు. దారిలో ఎదురైతే ఎండలో ఏదో వెతుక్కుంటున్న వాడిలా వంగేవాడు.

ఒకరోజు ధరలక్క స్వయంగా తమ్ముడింటికొచ్చి, చంకలోంచి కాగితాలు తీసింది.

"ఇప్పుడు కొనరా."

"ఏమిటీ?"

"గొడుగులు. పాత రెండేళ్లు తీసేసి, ఈ రెండేళ్లు కలిపి, మళ్లీ ఇవాళ్టి ధరల్లోకి మార్చాను. సగటు ఏడు. షేరు యాభై ఆరు. ఎనిమిదేళ్ల లాభానికే వస్తోంది."

"అక్కా, కంపెనీ నష్టంలో ఉంది!"

"ఒక్క ఏడు చూసి అప్పుడు మురిశారు, ఒక్క ఏడే చూసి ఇప్పుడు ఏడుస్తున్నారు. కానీ ఉన్నదంతా పెట్టకు. ఇంకో రెండేళ్లు వాన రాకపోతే తలుపులు మూసేయనూవచ్చు. పోయినా అన్నం తినగలిగినంతే పెట్టు. నాలుగో వంతు చాలు."

టైంకీపరు నాలుగు రోజులు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. అయిదో రోజున మిట్టమధ్యాహ్నం ఎండలో, చెమటలు కక్కుతూ బ్రోకరు ఆఫీసుకి వెళ్లాడు. ఆర్డరు రాసుకోవాల్సింది బావమరిదే.

"ఏ కంపెనీ బావా?"

"గొడుగులు."

బావమరిది కలం ఆగింది. లేచి, కూజాలోంచి ఒక గ్లాసు చల్లటి నీళ్లు వంచి ఇచ్చాడు. "ముందు ఇవి తాగి కాసేపు ఫ్యాను కింద కూర్చో. వడదెబ్బకి మనిషి ఏమేమో మాట్లాడతాడు."

"ఒంట్లో బాగానే ఉంది. రాయి."

"లాభమే లేనిదానికి లెక్కేం కట్టావు? నష్టంతో ధరని ఎలా భాగిస్తావు?"

"పదేళ్ల సగటుతో."

ఆ మాట వినగానే పక్క బల్లల మీది గుమస్తాలు కూడా నవ్వారు. టైంకీపరు చెవులు ఎర్రబడ్డాయి గానీ, కాగితం మీద సంతకం పెట్టేదాకా కదల్లేదు.

కొన్న మూడో వారానికి షేరు నలభై ఒకటి అయింది. భార్య ఆ సంగతి పేపర్లో చూసి, పేపరు మడిచి, ఏమీ అనకుండా మొగుడి ముందు పెట్టింది. అలా ఏమీ అనకపోవడం కన్నా గిన్నెల మోతే నయమనిపించింది ఆయనకి. రోజూ పొద్దున్నే మేడ మీదికెక్కి మబ్బుల్ని చూడడం, ఏ మబ్బు ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి పోయిందో రాసుకోవడం ఆయన పనైంది. మొదట్లో ఆవిడ కోరుకున్న వ్యాపకం ఇదే కాబోలు.

మూడో ఏడు వాన వచ్చింది. విరుచుకుపడలేదు, పంటకీ గొడుగులకీ సరిపోయేంత, మామూలు వాన. కంపెనీకి షేరుకి తొమ్మిది మిగిలింది. ధర డెబ్భై అయింది. తర్వాతి ఏడు ఎనభై అయిదు. ఆ పైన ఏడాదిన్నరకి నూట అయిదు. మధ్యలో లాభంలో వాటాగా డివిడెండు కూడా రెండుసార్లు వచ్చింది. టైంకీపరు సగం అమ్మి, కారుతున్న పైకప్పు బాగుచేయించాడు. బావమరిది అన్నీ అమ్మేసి, మొదట కొన్నవాటిలో సగం, అప్పు చేసి కొన్నవాటిలో అంతకన్నా ఎక్కువే పోగొట్టుకుని, అప్పు తీర్చి, ఊపిరి పీల్చుకున్నాడు. ఒకరోజు టైంకీపరు ఇంట్లో ధరలక్క ఎదురైతే, "వదినగారూ, సిమెంటు కంపెనీ ఒకటుంది..." అని నీళ్లు నమిలాడు. ఆవిడ చేయి చాపగానే సంచీలోంచి పది పుస్తకాలూ తీసి ఇచ్చాడు.

కొత్త పైకప్పు వేసిన వారానికి టైంకీపరు అక్కని భోజనానికి పిలిచాడు. భార్య వదినగారికి కొసరి కొసరి వడ్డించింది. తింటుండగా టైంకీపరుకి ఒక అనుమానం వచ్చింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట.

"అవునూ, యాభై ఆరు దగ్గర నువ్వెన్ని కొన్నావక్కా?"

ధరలక్క అన్నం కలుపుతూ తలెత్తలేదు.

"ఒక్కటీ కొనలేదు."

"అదేంటి! లెక్క కట్టింది నువ్వే కదా?"

"లెక్కలో తప్పు లేదు," అంది ఆవిడ. గొంతు తగ్గించి, "నాకు భయమేసిందిరా," అంది.

తమ్ముడు నోరు తెరిచాడు. ఆ మొహం చూసి ముందు అతని భార్యకి నవ్వొచ్చింది, గరిటె చేతిలోనే ఉంచుకుని పగలబడి నవ్వింది. తర్వాత ధరలక్కకీ వచ్చింది. ముప్ఫై ఏళ్లు ధరలడిగి వెనక్కి తిరిగిన మనిషి, పొలమారి, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నవ్వింది. తమ్ముడు నీళ్ల గ్లాసు అందించి, అక్క నెత్తి మీద మెల్లగా తట్టాడు.