అరువు గాజులు

పెద్దవాళ్ళ ముందుకు శుభ్రంగా, కళగా వెళ్ళాలని సులోచనకు వాళ్ళమ్మ నేర్పింది. ఆ నేర్పే కొంప ముంచింది.

తెలంగాణ బంద్ రోజున నారాయణగూడ చౌరస్తాలో బస్సు అద్దాలు పగిలాయి. పగలగొట్టినవాళ్ళు పరారు. అశోక్‌నగర్ కోచింగ్ నుంచి పుస్తకాల సంచితో వస్తున్న ఆమె కొడుకు శ్రావణ్ దొరికిపోయాడు. బెయిలైతే ఇచ్చారు గానీ, చెరో యాభై వేలకు ఇద్దరు జామీనుదార్లు కావాలట, అదీ సొంతిల్లు ఉన్నవాళ్ళు. మొగుడు గోవర్ధన్ పక్షవాతంతో మంచాన పడితే చీరలకు ఫాల్స్ కుట్టి బతికే మనిషికి ఎవరు దొరుకుతారు? చుట్టాలంతా కిరాయి కొంపలవాళ్ళే. పిల్లవాడేమో చంచల్‌గూడ జైల్లో. ఆదివారం ఉద్యోగ పరీక్ష. అప్పటికి బయటికి రాకపోతే రెండేళ్ళ చదువు గంగపాలే. అందుకే జామీను తగ్గించమని వకీలు శ్రీరామమూర్తితో అర్జీ పెట్టించింది.

పొద్దున్నే బయల్దేరుతుంటే ఇంటి ఓనరు రాజ్యలక్ష్మి మెట్ల మీదే ఆపింది.

"ఈ వెలిసిపోయిన చీరతోనా సులోచనా? మనిషిని చూసే మర్యాద ఇస్తారమ్మా!"

తన పట్టుచీర కట్టబెట్టింది. బంగారు గాజులు తొడిగింది. తోడుగా కోర్టుకూ వచ్చింది. మంచి మనిషే, కాదనలేం. చిక్కడపల్లిలో ఆ ఇంటి పైవాటాకూ కిందివాటాకూ ఏళ్ళ తరబడి కూరగిన్నెలు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి. జామీను మాట మాత్రం సులోచన నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. రాజ్యలక్ష్మీ ఎత్తలేదు.

"నిరుపేదరాలు సార్, ఒక్క జామీనుతో సరిపెట్టండి," అన్నాడు శ్రీరామమూర్తి.

సర్కారు వకీలు పకపకా నవ్వాడు. "పేదరాలి చేతులు చూడండి సార్!"

కోర్టంతా చూసింది. సులోచన చేతులు కొంగు చాటుకు లాక్కుంది.

"నావి కావు సార్! అరువువి. కోర్టు గదా, జర మంచిగ పోవాలని... గీ అక్క ఇచ్చింది."

మెజిస్ట్రేటు వెనక బెంచీకేసి చూశాడు. "ఇంత బంగారం నమ్మి ఇచ్చారు కదమ్మా. సొంతిల్లుందా? మీరు నిలబడితే రెండో జామీను తీసేస్తాను."

సులోచన ప్రాణం లేచివచ్చింది. దండం పెడుతూ వెనక్కి తిరిగింది.

రాజ్యలక్ష్మి తల దించుకుంది. "ఇల్లు మా ఆయన పేర ఉందండీ. ఆయన ఊళ్ళో లేరు."

పొద్దున వసారాలో పేపరు చదువుతూ కూర్చున్న ఆమె భర్త దక్షిణామూర్తి గారు సులోచన కళ్ళముందు మెదిలారు. దండం పెట్టిన చేతులు దించేసింది.

"తెలిసినవాళ్ళకే లేని నమ్మకం కోర్టుకెలా ఉంటుంది? కొట్టేస్తున్నాను," అన్నాడు మెజిస్ట్రేటు.

బయట మెట్ల మీద సులోచన గాజులు లాగడం మొదలుపెట్టింది. చెయ్యి గీసుకుపోయింది.

"ఏమీ అనుకోకమ్మా," అంది రాజ్యలక్ష్మి. "ఈ గొడవల్లో తలదూరిస్తే ఆయన నన్ను బతకనివ్వరు. గాజులకేం తొందర, ఇంటికెళ్ళాక ఇద్దువులే."

"వద్దక్కా, ఇప్పుడే తీస్కో," అంది సులోచన. "తొవ్వల ఒక్కటి పోయిందనుకో, నాకెవరుంటరు జామీను?"